మెడికల్ పోయింది, ఇప్పుడు ఏఎంఈ చదవనా?

ప్రశ్న: నా వయసు 31. మాది కాకినాడ దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ తర్వాత సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేసి, నాలుగేళ్లు ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) పనిచేశాను. నిరుడు షుగర్ బయటపడింది. ఇన్సులిన్ తప్పదన్నారు. పైలట్లకు తప్పనిసరైన క్లాస్ 1 మెడికల్‌లో పర్మనెంట్ అన్‌ఫిట్ చేశారు, రివ్యూలోనూ అదే మాట. నా ట్రైనింగ్ కోసం నాన్న ఎకరంన్నర పొలం అమ్మారు. నా భార్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, మాకు రెండేళ్ల పాప. విమానాలకు దూరంగా ఉండటం నా వల్ల కావడం లేదు. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ (ఏఎంఈ) కోర్సులో చేరదామనుకుంటున్నాను. నా ఫ్లయింగ్ అనుభవం అక్కడ పనికొస్తుందా? ఈ వయసులో మొదలుపెట్టవచ్చా? ఇంకో మాట, అడగడానికి సిగ్గుగా ఉంది. నాతో పాటు ట్రైనింగ్ చేసినవాళ్లు రేపు కెప్టెన్లుగా మెట్లెక్కి వెళ్తుంటే, నేను కింద రంగు జాకెట్ వేసుకుని చక్రం దగ్గర కూర్చుని పనిచేయగలనా? (పేరు రాయవద్దని కోరారు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి రెండు ప్రశ్నలకూ పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ రూల్స్‌లో జవాబు దొరుకుతుంది. చివర్లో సిగ్గుపడుతూ రాసిన మాటకు ఏ రూల్‌లోనూ దొరకదు. మీ నిర్ణయమంతా దాని మీదే ఆగి ఉందని నాకనిపిస్తోంది. దాని గురించి తప్పకుండా చెబుతాను, కాని ముందు మిగతావి తేల్చుకుందాం. నేను 33 ఏళ్లు ఏఎంఈగా పనిచేసి రిటైరయ్యాను. బేగంపేటలో మొదలుపెట్టి, 2008లో ఎయిర్‌పోర్టుతో పాటే శంషాబాద్‌కి మారినవాణ్ణి. మీరు చెప్పిన ఆ రంగు జాకెట్ నా ఒంటి మీద చాలా ఏళ్లే ఉంది.

అన్నిటికన్నా ముందు ఒక కాగితం వెతకండి. చాలా ఎయిర్‌లైన్స్‌లో పైలట్లకు లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా ఉంటుంది. మెడికల్ శాశ్వతంగా పోతే పరిహారం ఇచ్చే పాలసీ అది. కొందరు సొంతంగా కూడా తీసుకుంటారు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరూ, గ్రూప్ పాలసీ కాగితాలూ తీసి చదవండి, క్లెయిమ్‌కి గడువు ఎంతో చూడండి. బాధలో మునిగి ఉన్నప్పుడు ఇలాంటివి గుర్తుకు రావు. గడువు దాటిపోయాక తెలుసుకుని తల పట్టుకున్నవాళ్లను నేను చూశాను.

తర్వాత మీ షుగర్ డాక్టర్‌తో మాట్లాడండి. ఏఎంఈకి పైలట్‌లా క్లాస్ 1 మెడికల్ అక్కర్లేదు. అది చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కాని ఈ పని ఎప్పుడు జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. విమానాలు పగలు ఎగురుతాయి, రాత్రి మా చేతికొస్తాయి. రాత్రి పదికి మొదలయ్యే షిఫ్టు తెల్లారి ఆరింటికి ముగుస్తుంది. వారంలో రెండు మూడుసార్లు షిఫ్టు మారుతుంది. తోక దగ్గర డాక్ (పని కోసం కట్టిన మంచె) మీద, నేలకు పది మీటర్ల ఎత్తున నిలబడి చేసే పనులుంటాయి. అక్కడ షుగర్ పడిపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఇన్సులిన్ తీసుకుంటూ ఈ పని చేయలేరని నేననడం లేదు. భోజనం వేళ, డోసు, రాత్రి షిఫ్టు, ఈ మూడూ ఎలా కుదురుతాయో డాక్టర్‌ని అడిగి, ఆరు నెలల పాటు మీ అంకెలు నిలకడగా ఉన్నాయని చూసుకున్నాకే ఫీజు కట్టండి. చేరాక మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జికి విషయం చెప్పండి. జేబులో గ్లూకోజ్ ఉండాలి, ఎక్కడుందో పక్కవాడికి తెలియాలి. దయచేసి దాచిపెట్టవద్దు.

ఇప్పుడు రూల్స్ సంగతి. ఇక్కడ కాస్త బాధపెట్టే మాట చెప్పాలి. మీ సీపీఎల్, మీ రేటింగ్, లాగ్‌బుక్‌లో మీ గంటలు, ఇవేవీ ఏఎంఈ లైసెన్సుకు లెక్కలోకి రావు. సీఏఆర్-66 అనే నిబంధనల ప్రకారం మీరూ, ఇంటర్ ఇప్పుడే పాసైన పద్దెనిమిదేళ్ల కుర్రాడూ ఒకే గీత దగ్గర నిలబడతారు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు కాబట్టి అర్హతకు ఇబ్బంది లేదు. పెద్ద విమానాల కోసమైతే మీ ముందు రెండు విభాగాలుంటాయి. టర్బైన్ ఇంజిన్ విమానాల బాడీ, ఇంజిన్, ఎలక్ట్రికల్ వ్యవస్థల కోసం బి1.1. రేడియో, నావిగేషన్, ఆటోపైలట్ లాంటి ఏవియానిక్స్ కోసం బి2. సీఏఆర్-147 (శిక్షణ సంస్థల నిబంధనలు) ఆమోదం ఉన్న సంస్థలో ఈ కోర్సు 2400 గంటలు. అందులో దాదాపు సగం ప్రాక్టికల్. కోర్సు పూర్తయ్యాక, ఎగురుతున్న విమానాల మీద 2 ఏళ్ల పని అనుభవం కావాలి. కోర్సు చేయకుండా ఎక్కడైనా పనిలో చేరి నేర్చుకుంటూ పరీక్షలు రాసే దారి కూడా ఉంది, దానికి 5 ఏళ్ల అనుభవం అడుగుతారు. ఆ దారి చూడటానికి చవక. కాని లైసెన్సూ కోర్సూ రెండూ లేని మనిషిని ఈరోజుల్లో ఏ హ్యాంగర్‌లోనూ సులభంగా తీసుకోరు. మీరు కోర్సు దారినే వెళ్లండి.

లెక్క వేసుకుంటే లైసెన్సు చేతికొచ్చేసరికి మీకు 36. ఆ లైసెన్సు ఒక్కటే ఉంటే పెద్ద విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టడానికి వీల్లేదు, ఏ రకం విమానమైతే ఆ రకానికి టైప్ రేటింగ్ కావాలి. క్లాసు, ప్రాక్టికల్, మొదటి రేటింగ్ అయితే ఆన్ ది జాబ్ ట్రైనింగ్. అంటే 37. ఆ ఆరేళ్లలో మీ సంపాదన, మీరు ఫస్ట్ ఆఫీసర్‌గా అందుకున్న జీతంతో పోల్చుకుంటే మనసు చివుక్కుమనేంత తక్కువగా ఉంటుంది. ట్రైనీగా ఇచ్చే స్టైపెండ్ పెట్రోలుకీ క్యాంటీనుకీ సరిపోతుంది. ఇది మీ ఒక్కరి నిర్ణయం కాదు. మీ భార్య ఉద్యోగం మీద ఆరేళ్లు ఇల్లు నడవాలి. ఆవిడను కూర్చోబెట్టుకుని, ఈఎంఐలు, పాప స్కూలు ఫీజు, ఊళ్లో పెద్దవాళ్ల ఖర్చులు అన్నీ కాగితం మీద రాసి, ఇద్దరూ సరే అనుకున్నాకే ముందుకు వెళ్లండి. వేడినీళ్లకు చన్నీళ్లు తోడుగా, వారాంతాల్లో సీపీఎల్ విద్యార్థులకు టెక్నికల్ జనరల్, మెటియరాలజీ చెప్పండి. మీకు ఆ సబ్జెక్టులు చేతిలో ఉన్నాయి, చెప్పేవాళ్లకు గిరాకీ ఉంది.

వయసు గురించి అడిగారు. 37కి మొదలుపెట్టినా 60 దాకా 23 ఏళ్ల సర్వీసు ఉంటుంది. నాకు ఆ లెక్క చాలు. మా క్లాసులో ఎయిర్‌ఫోర్స్‌లో పదిహేనేళ్లు చేసి వచ్చి పిల్లలతో పాటు కూర్చుని చదివినవాళ్లున్నారు. చదవడం కష్టమవుతుందన్న భయం మాత్రం కొంత నిజమే. ప్రతి మాడ్యూల్‌లో 75 శాతం రావాలి. ప్రశ్నకు 75 సెకన్లు. మూడు జవాబుల్లో రెండు నిజంలాగే కనిపిస్తాయి. ఏరోడైనమిక్స్ మీకు నల్లేరు మీద నడక. హ్యూమన్ ఫ్యాక్టర్స్ మీరు సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్) పేరుతో చదివినదే, కోణం వేరు. గ్యాస్ టర్బైన్, ప్రొపెల్లర్ మాడ్యూళ్లు చదువుతుంటే మీకు ఆనందం కలుగుతుంది. ఏటీఆర్ ప్రొపెల్లర్‌కి ఆరు రెక్కలున్నాయని మీకు తెలుసు, ఫెదర్ చేస్తే (గాలికి అడ్డు తగ్గేలా రెక్కలు తిప్పేస్తే) ఏమవుతుందో తెలుసు. హబ్ లోపల ఆయిల్ ఒత్తిడి ఆ రెక్కను ఎలా తిప్పుతుందో అక్కడ చూస్తారు. గట్టిగా కూర్చోవాల్సింది ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, మెటీరియల్స్ దగ్గర. లెజిస్లేషన్‌కి మాత్రం సీనియర్ల పాత పుస్తకాలు తీసుకోకండి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ యాక్ట్ పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది.

బి1.1 తీసుకోవాలా బి2 తీసుకోవాలా అని మీరు అడగలేదు, అయినా అడుగుతారు. కాక్‌పిట్ నుంచి వచ్చినవాళ్లకు బి2 దగ్గరగా అనిపిస్తుంది. స్క్రీన్లు, బటన్లు, ఆటోపైలట్ అన్నీ తెలిసినవే కదా. అయినా మీరు బి1.1కే వెళ్లాలన్నది నా అభిప్రాయం. లైన్‌లో రోజూ వచ్చే పనుల్లో ఎక్కువ భాగం దానికిందే ఉంటాయి, ఖాళీలూ ఎక్కువ. పైగా మీకు విమానం అంటే తెరల మీద కనిపించినంత మేరకే తెలుసు. లోహం వైపు నుంచి కూడా తెలుసుకోవాలంటే బి1.1 మంచిది.

మీ ఫ్లయింగ్ అనుభవానికి రూల్స్ పుస్తకంలో విలువ లేదన్నాను. పనిలో మాత్రం ఉంది, చాలా ఉంది. ఒక సంగతి చెబుతాను. శంషాబాద్‌కి మారిన కొత్తలో, ఒక వర్షాకాలం. ఒక టర్బోప్రాప్ విమానంలో కుడి ఇంజిన్ తాలూకు హెచ్చరిక దీపం అప్పుడప్పుడూ వెలిగి ఆరిపోతోందని టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) మూడుసార్లు స్నాగ్, అంటే లోపం, రాశారు. మూడుసార్లూ మేం నేల మీద ఇంజిన్ రన్ చేసి చూశాం. దీపం వెలగలేదు. చెక్ చేశాం, సరిగానే ఉంది అని రాసి వదిలేశాం. నాలుగోసారి ఒక ఫస్ట్ ఆఫీసర్, అప్పటికి మీ వయసే ఉంటుంది, డ్యూటీ అయిపోయినా క్యాబ్ ఎక్కకుండా నా దగ్గరికి వచ్చాడు. “దిగేటప్పుడే వస్తోంది సర్. అదీ మబ్బుల్లోంచి దిగితేనే. ఎండలో దిగితే రావడం లేదు” అన్నాడు. అంతే, ఆ రెండు ముక్కలే. అంటే తడికి సంబంధించిన వ్యవహారం. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) తెరిచి ఆ సెన్సర్ వైరు వెంట చెయ్యి వేసుకుంటూ పోయాం. ఒక కనెక్టర్ వెనక సీలు చిరిగి ఉంది, లోపల పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టింది. పదిహేను రోజులుగా మమ్మల్ని తిప్పలు పెట్టిన స్నాగ్ గంటలో తేలిపోయింది.

మీకు ఆ కుర్రాడి చెవీ కన్నూ ఉన్నాయి. ఏ ఎత్తులో, ఏ పవర్‌లో, ఐసింగ్ స్విచ్ వేసి ఉందా లేదా అని పైలట్‌ని ఏం అడగాలో మీకు తెలుస్తుంది. మాలో చాలామందికి అది తెలియడానికి పదేళ్లు పట్టింది. టెక్ లాగ్‌లో పైలట్ హడావిడిగా రాసిన ఒక్క లైను వెనక ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు. ఆ లైను మీరూ రాశారు కదా.

అయితే కాక్‌పిట్ నేర్పిన ఒక అలవాటును మీరు గేటు బయటే వదిలి రావాలి. ఇది నేను రాయాలనుకున్న అసలు మాట. పైలట్‌కి కొన్ని పనులు కంఠతా వచ్చి తీరాలి. ఇంజిన్ మంటల్లో ఉంటే పుస్తకం తెరిచే వ్యవధి ఉండదు, మెమరీ ఐటెమ్స్‌ని చెయ్యి దానంతట అదే చేసుకుపోవాలి. అలా చేయగలిగితేనే మీకు సిమ్యులేటర్‌లో పాస్ మార్కులు వేశారు. మా దగ్గర దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఒక చక్రం నేను కొన్ని వందలసార్లు మార్చి ఉంటాను. ప్రతిసారీ మాన్యువల్ తాజా పేజీ తీసి, యాక్సిల్ నట్ టార్క్ (ఎంత గట్టిగా బిగించాలో ఆ అంకె) ఎంతో చదివి, అప్పుడే రెంచ్ సెట్ చేశాను. గుర్తుంది కదా అని చేయడం ఇక్కడ తప్పు. నిన్న రాత్రి ఆ అంకె మారి ఉండవచ్చు. మీకు చురుకుదనం నేర్పారు. ఇక్కడ ఓపిక కావాలి.

1990 జూన్ 10న జరిగింది చెబుతాను, మీ హ్యూమన్ ఫ్యాక్టర్స్ క్లాసులో మళ్లీ వింటారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బీఏసీ 1-11 విమానం బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయలుదేరింది. 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ సగం బయటికి లాగేయబడ్డాడు. క్యాబిన్ సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని దాదాపు 20 నిమిషాలు వేలాడదీసినట్టే ఉంచారు. ఫస్ట్ ఆఫీసర్ అలస్టేర్ ఆచిసన్ సౌతాంప్టన్‌లో దింపాడు. ఆశ్చర్యం, కెప్టెన్ బతికాడు, మళ్లీ విమానం నడిపాడు కూడా. ఆ అద్దాన్ని ఆ ప్రయాణానికి 27 గంటల ముందు, రాత్రి షిఫ్టులో మార్చారు. దానికి 90 బోల్టులు. వాటిలో 84 కావలసినదాని కన్నా సన్నవి, మిగతా 6 పొట్టివి. మార్చినవాడు కొత్తవాడు కాదు, షిఫ్ట్ మేనేజర్. పాత బోల్టు పక్కన కొత్త బోల్టు పెట్టి, మసక వెలుతురులో కంటితో పోల్చి, సరిపోయిందనుకున్నాడు. స్టోర్‌లో వ్యక్తి సరైన నంబరు చెప్పాడు కూడా. కేటలాగ్ తెరిచి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

మీరు ఈ కథ విన్నప్పుడు మీ మనసు ఆచిసన్ పక్కన కూర్చుంటుంది. ఏఎంఈ అవ్వాలంటే మీరు ఆ షిఫ్ట్ మేనేజర్ పక్కన కూర్చోవాలి. అర్ధరాత్రి, మనుషులు తక్కువ, పొద్దున్నే విమానం కావాలి, నిద్ర ముంచుకొస్తోంది. మీ తప్పు అప్పటికప్పుడు కనిపించదు. మీరు ఇంటికెళ్లి పడుకున్నాక, వేరెవరో గాలిలో ఉన్నప్పుడు కనిపిస్తుంది. పైలట్ తాను ఎక్కిన విమానంలోనే ఉంటాడు, పక్కన ఇంకొకరు చూస్తూ ఉంటారు. విమానం ఎగరడానికి సిద్ధమని చెప్పే సర్టిఫికేట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్ మీద పడే సంతకం మాత్రం ఒంటరి సంతకం. నేను ఎన్నో రాత్రులు పార్కింగ్ దాకా వెళ్లి, ఒక నట్ మీద టార్క్ గుర్తు గీశానా లేదా అని వెనక్కి వచ్చి చూసుకున్నాను. గీసే ఉండేది. అయినా వచ్చేవాణ్ణి. ఇంటికి ఆలస్యంగా వెళ్లినందుకు మా ఆవిడ ఏనాడూ ఏమీ అనలేదు, అన్నం మూత పెట్టి ఉంచేది.

ఒత్తిడి ఉంటుంది. విమానం ఆలస్యమవుతోందని ఫోన్లు వస్తాయి. సంతకం పెట్టమని నోటితో ఎవరూ అనరు, అయినా పెట్టాలన్నట్టుగా చుట్టూ నిలబడతారు. ఇక్కడ మీ పాత జీవితం మీకు సాయపడుతుందని నా నమ్మకం. ఆ సంతకాన్ని నమ్మి సీటు బెల్టు పెట్టుకున్న మనిషి మీరు. నాలుగేళ్లపాటు రోజూ నమ్మారు. ఎవరు రాశారో ముఖం కూడా చూడకుండా టెక్ లాగ్ మూసి, ఇంజిన్ స్టార్ట్ చేశారు. సంతకం అవతలి వైపు ఏముంటుందో తెలిసి ఏఎంఈ అయినవాళ్లు మాలో చాలా తక్కువ.

ఇప్పుడు జాకెట్ మాట. మీకు నొప్పి వేయదని చెబితే అబద్ధమవుతుంది. మొదటిసారి మీ బ్యాచ్‌మేట్ భుజం మీద నాలుగు గీతలతో వాక్ అరౌండ్‌కి (విమానం చుట్టూ తిరిగి చూసే తనిఖీకి) వచ్చి, కింద కూర్చున్న మిమ్మల్ని చూసి ఒక్క క్షణం తడబడతాడు. ఆ క్షణం ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది. మీరే ముందు పలకరించండి. రెండోసారికి అతను తన స్నాగ్ గురించి మాట్లాడతాడు, మూడోసారికి మీరు డ్యూటీలో ఉన్నారని తెలిసి ధైర్యంగా ఉంటాడు. ఊళ్లో మాత్రం కొంతకాలం మాటలు పడతాయి. పైలట్ గారు మెకానిక్ అయ్యారట అంటారు. అనేవాళ్లలో ఒక్కరూ మీ పక్కన ఆసుపత్రిలో కూర్చోలేదు. మీ నాన్నగారికి మాత్రం మీరే వివరంగా చెప్పండి. ఆయన అమ్మిన పొలం వృథా అయిందన్న దిగులు ఆయనకు లేకుండా చేయడం మీ చేతిలోనే ఉంది. వీలైతే ఒకసారి ఆయన్ని శంషాబాద్ తీసుకొచ్చి, హ్యాంగర్‌లోకి వెళ్లడం కుదరకపోయినా, బయటి నుంచే ఆ షెడ్లను చూపించండి.

1903లో రైట్ సోదరులు ఎగిరారని బడిలో అందరం చదివాం. ఆ విమానం ఇంజిన్‌ని వాళ్ల సైకిల్ షాపులో పనిచేసిన చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేశాడు. అప్పట్లో మార్కెట్‌లో అంత తేలికైన ఇంజిన్ దొరకలేదు మరి. ఆయన పుట్టినరోజు మే 24ని అమెరికాలో ఏవియేషన్ మెయింటెనెన్స్ టెక్నీషియన్ల దినంగా జరుపుకుంటారు. మా హ్యాంగర్‌లో కూడా ఆ రోజు కేక్ కోసేవాళ్లం. ఆయన పేరు మన పిల్లల పాఠంలో లేదు. పేరు ఉండని పని ఇది. మీకు అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుందంటే, మొహమాటం లేకుండా వేరే దారి చూసుకోండి. ఫ్లైట్ డిస్పాచ్ (ప్రయాణ ప్రణాళిక సిద్ధం చేసే పని) ఉంది, ఎయిర్‌లైన్స్ సేఫ్టీ విభాగాలున్నాయి, గ్రౌండ్ స్కూల్ బోధన ఉంది. అక్కడ మీ ఫ్లయింగ్ అనుభవాన్ని మొదటి రోజు నుంచే లెక్కలోకి తీసుకుంటారు, జీతం కోసం ఆరేళ్లు ఆగనక్కర్లేదు. విమానాలకు దగ్గరగా ఉండాలన్నదొక్కటే మీ కోరికైతే, నిజం చెబుతున్నాను, అవే మీకు మంచివి. విమానం మీద చెయ్యి వేసి పనిచేయాలన్న కోరిక ఉంటేనే ఏఎంఈకి రండి.

ఉద్యోగాల పరిస్థితి బాగుంది. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. అవి వచ్చే కొద్దీ సంతకం పెట్టేవాళ్లు కావాలి. హైదరాబాద్ విడిచి వెళ్లనక్కర్లేదన్నది మీకు ఇంకో మేలు. శంషాబాద్‌లోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లున్నాయి, ఎయిర్ ఇండియా ఇంజినీరింగ్ సర్వీసెస్ కేంద్రం ఉంది. సఫ్రాన్ వాళ్ల లీప్ ఇంజిన్ మరమ్మతు కేంద్రానికి 2025 నవంబరులో ప్రారంభోత్సవం జరిగింది. మన విమానాల ఇంజిన్లు విదేశాలకు పంపి బాగు చేయించుకున్న రోజులు చూసిన నాలాంటివాళ్లకు అది చిన్న సంగతి కాదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న సీఏఆర్-147 సంస్థల జాబితా ఉంటుంది. ఆ పేరు అక్కడ ఉందా, ఈ ఏడాది ఆమోదం చెల్లుతోందా, బి1.1కే ఇచ్చారా అని మీరే చూడండి, బ్రోచర్‌ని నమ్మకండి. ప్రాక్టికల్ ఎక్కడ చేయిస్తారని అడగండి. ఆవరణలో రెక్కలు విరిగిన పాత విమానం ఒకటి చూపించి అదే ప్రాక్టికల్ అంటే లేచి వచ్చేయండి. ఏ మెయింటెనెన్స్ సంస్థతో ఒప్పందం ఉంది, ఎన్ని వారాలు పంపిస్తారు అని రాతపూర్వకంగా తీసుకోండి. మూడేళ్ల కిందటి బ్యాచ్‌లో ఐదుగురి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే అదే మీకు జవాబు. కోర్సు తర్వాతి రెండేళ్ల అనుభవం దొరక్క ఖాళీగా తిరుగుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ల తల్లిదండ్రులు నాకు ఉత్తరాలు రాస్తుంటారు. కోర్సు కన్నా ఆ రెండేళ్లు దొరకడమే కష్టం. మీకు ఎయిర్‌లైన్‌లో పరిచయాలున్నాయి, ఇప్పటి నుంచే ఇంజినీరింగ్ విభాగంలో వాళ్లతో మాట్లాడి ఉంచుకోండి. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ఇదంతా చేసే ముందు ఒక చిన్న పని. ఏఎంఈ కోర్సులో వర్క్‌షాప్ మొదటి వారాల్లో చేతికి ఆకురాయి ఇస్తారు. మీ ఇంటికి దగ్గర్లో ఐటీఐలో గానీ, బాలానగర్ వైపు చిన్న ఫిట్టింగ్ షెడ్డులో గానీ ఎవరినైనా బతిమాలి, వారం రోజులు సాయంత్రాలు వెళ్లండి. అరచేతి వెడల్పున్న మైల్డ్ స్టీల్ ముక్క తీసుకుని, నాలుగు అంచులూ లంబకోణానికి వచ్చేదాకా ఆకురాయితో రుద్దండి. మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి, సందులోంచి వెలుగు కనిపించినంతసేపూ అది ఇంకా కాలేదన్నట్టు. మొదటి రోజు బొబ్బలెక్కుతాయి, షుగర్ ఉంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, దెబ్బ తగిలితే నిర్లక్ష్యం చేయకండి. మూడో రోజుకి విసుగొస్తుంది. ఐదో రోజు ఇంటికి వెళ్తూ కూడా ఆ ముక్క గురించే ఆలోచిస్తున్నారా, లేక మానేయడానికి సాకు వెతుకుతున్నారా అన్నది మీకే తెలుస్తుంది. ఏమైందో నాకు మళ్లీ రాయండి.